చేతిలో ఒకేసారి అయిదారు పనులున్నప్పుడు ఫ్రీలాన్స్ గ్రాఫిక్ డిజైనర్ రోజును ఎలా నడుపుకోవాలి?

ఉదయం శుభలేఖ ప్రూఫు (అచ్చుకు ముందు సరిచూసుకునే నమూనా), మధ్యాహ్నం బడి అడ్మిషన్ల కరపత్రం, సాయంత్రానికి ఆసుపత్రి ప్రారంభోత్సవం ఫ్లెక్సు, వీటి మధ్యలో మూడు వారాలుగా తేలని ఒక మిఠాయి దుకాణం లోగో. విజయవాడలోనైనా వరంగల్‌లోనైనా సొంతంగా పని చేసుకునే డిజైనర్ రోజు సాధారణంగా ఇలాగే ఉంటుంది. ఇన్నేళ్ల పనిలో నాకు స్పష్టంగా తెలిసినది ఏమిటంటే, మన సమయాన్ని ఎక్కువగా తినేది బొమ్మ గీయడం కాదు, ఒకసారి పూర్తయిందనుకున్న పని మళ్లీ మన బల్ల మీదకు తిరిగి రావడం. అందువల్ల కింద చెప్పిన క్రమమంతా పని వెనక్కి రాకుండా చూసుకోవడానికే.

మొదట ఏడాదిని చూసుకోండి

రోజు ప్రణాళిక వేసుకునే ముందు ఏ నెలలో ఏ పని వస్తుందో ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆషాఢంలోనూ పుష్యంలోనూ పెళ్లిళ్లు ఉండవు కాబట్టి పని కూడా ఉండదని కొత్తవారు అనుకుంటారు. కానీ శ్రావణంలో పెళ్లి పెట్టుకున్నవారు ఆషాఢంలోనే పత్రిక వేయించుకుంటారు, మాఘం పెళ్లిళ్ల పత్రికలు పుష్యంలోనే మన దగ్గరకు వస్తాయి. అంటే మన సీజను ముహూర్తాల కంటే ఒక నెల ముందు నడుస్తుంది. బడులు తెరిచే జూన్‌కు ముందు కరపత్రాలు, నవంబరు, డిసెంబరు నెలల్లో క్యాలెండర్లు, డైరీలు, పండుగలకు దుకాణాల ఆఫర్ల పోస్టర్లు ఉంటాయి. శివకాశిలో అచ్చు వేయించే క్యాలెండర్లకు ప్రెస్సు వారు గడువు ముందే చెబుతారు కాబట్టి ఆ తేదీ నుంచి వెనక్కి లెక్క కట్టుకుని మీ గడువు నిర్ణయించుకోవాలి. లోగో, ప్యాకింగ్ వంటి నిదానంగా ఆలోచించవలసిన పనులను ఈ రద్దీ లేని వారాలకు ఒప్పుకోవడం మేలు.

పని ఒప్పుకునే ముందు అడగవలసినవి

సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందే కొన్ని సంగతులు తేల్చుకోవాలి. ఇది ఎక్కడ వాడతారు, అచ్చుకా, ఫోన్ తెర మీదకా, రోడ్డు పక్క ఫ్లెక్సుకా? కొలత ఎంత? ఎన్ని కాపీలు? ఎప్పటికి చేతికి కావాలి? అన్నిటికంటే ముఖ్యంగా, చివరి మాట ఎవరిది? కుటుంబంలో నలుగురు నాలుగు వైపుల నుంచి మార్పులు చెబితే ఆ పని ఎప్పటికీ ముగియదు కాబట్టి, మార్పులన్నీ ఒక్కరే పోగుచేసి ఒకేసారి పంపాలని మొదటి రోజే మర్యాదగా చెప్పాలి.

ఆ తర్వాత ఎంత రుసుము, ఎన్ని నమూనాలు, ఎన్ని సార్లు కరెక్షన్లు, వాటికి మించితే ఒక్కోసారికి ఎంత అదనం అన్నది వాట్సాప్‌లోనైనా సరే రాతలో పెట్టి, అవతలివారు ఒప్పుకున్నట్టు జవాబు వచ్చాకే పని మొదలుపెట్టాలి. నేను సగం సొమ్ము అడ్వాన్సుగా తీసుకుంటాను, మూడు విడతల కరెక్షన్లు ఇస్తాను. తెలిసినవారిని అడ్వాన్సు అడగడానికి మొహమాటపడేవారు చాలామంది ఉన్నారు. అయితే అడ్వాన్సు ఇచ్చినవారే మేటర్ (అచ్చులో పడవలసిన పాఠం) సమయానికి పంపుతారన్నది నా అనుభవం.

తెలుగు మేటర్‌ను సరిగ్గా తీసుకోవడం

మన భాషలో పని చేసేవారికి ఎక్కువ శ్రద్ధ కావలసినది ఇక్కడే. మేటర్ ఒకచోట కాగితం మీద రాసి ఫొటో తీసినదిగా, ఇంకోచోట అను ఫాంట్లలో టైపు చేసినదిగా, మరోచోట ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు వాడే యూనికోడ్ పద్ధతిలో వస్తుంది. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని నేరుగా యూనికోడ్ ఫాంటులోకి మారిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి కాబట్టి ముందు కన్వర్టర్‌తో మార్చి, తర్వాత అక్షరం అక్షరం చదువుకోవాలి. యూనికోడ్ పాఠాన్ని పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టినప్పుడు వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. నేను ప్రతి కొత్త ఫాంటులోనూ ముందుగా ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘జ్యోత్స్న’ అనే మూడు మాటలు టైపు చేసి చూస్తాను. అవి సరిగ్గా పడితే మిగిలినవి సాధారణంగా పడతాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి, రామభద్ర, సురవరం, పెద్దన వంటివి ఖాతాదారుల పనికి కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు. గుడి, ఏత్వం పైకి, ఒత్తులు కిందికి వెళతాయి కాబట్టి తెలుగు వరుసల మధ్య ఇంగ్లిషుకు వదిలినదానికంటే ఎక్కువ ఖాళీ వదలాలి.

శుభలేఖల విషయంలో ఇంకొక మెలిక ఉంది. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఇంగ్లిషు తేదీ మాత్రం అర్ధరాత్రి మారుతుంది. అందువల్ల రాత్రి రెండున్నరకు ఉన్న ముహూర్తం పంచాంగంలో గురువారానిదైతే, క్యాలెండరులో అది శుక్రవారం తేదీ అవుతుంది. కొన్నేళ్ల కిందట నాకు రాసిచ్చిన కాగితంలో వారం ఒకలా, తేదీ మరొకలా ఉంటే, నేను ఎవరినీ అడగకుండా తేదీని వారానికి సరిపెట్టేశాను. పత్రిక అచ్చయ్యాక అమ్మాయి తండ్రిగారు చూసి, బంధువులు ఒక రోజు ముందే దిగుతారని కంగారుపడి ఫోన్ చేశారు. తప్పు నాదే కాబట్టి అయిదు వందల పత్రికలూ నా సొమ్ముతో మళ్లీ వేయించి ఇచ్చాను. అప్పటి నుంచి ఇటువంటి ముహూర్తం వస్తే పురోహితులతో మాట్లాడమని కోరి, ‘గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం’ అని పూర్తిగా రాసి, పక్కనే తేదీ వేస్తున్నాను. చి.ల.సౌ. వంటి పొట్టి రూపాలు, జ్యేష్ఠ పుత్రిక, కనిష్ఠ పుత్రుడు వంటి వరుసలు, ఇంటిపేర్లు కూడా మీ ఊహతో సరిదిద్దకూడదు. అనుమానం వస్తే అడగాలి.

రోజును రెండుగా విడదీయండి

కొత్తగా ఆలోచించి చేసే పనికి, కరెక్షన్లకు ఒకే బుద్ధి సరిపోదు. మనసు తేటగా ఉండే పొద్దుటి మూడు గంటలూ ఫోన్ మోగకుండా పెట్టుకుని కొత్త పనికి కేటాయించి, మధ్యాహ్నం తర్వాత కరెక్షన్లు, ఫోన్లు, ప్రెస్సు పనులు వరుసగా చూసుకోవాలి. ‘సార్, చిన్న మార్పు, అయిదు నిమిషాలే’ అన్న ప్రతి సందేశానికీ వెంటనే ఫైలు తెరిస్తే, చేస్తున్న పనిలోకి తిరిగి వెళ్లడానికి అంతకు ఎన్నో రెట్ల సమయం పడుతుంది. నిజంగా అత్యవసరమైనవి రోజుకు ఒకటో రెండో ఉంటాయి, వాటికోసం ఒక గంట ఖాళీగా ఉంచుకుంటే చాలు.

ప్రూఫు, ఆ తర్వాత ప్రెస్సు

ప్రూఫు పంపేటప్పుడు చూడవలసినవి మీరే రాసి పంపాలి: పేర్లు, తేదీ, వారం, సమయం, వేదిక, ఫోన్ నంబర్లు. పాత ఫైలు మీద కొత్త పని చేసినప్పుడు వెనుకటివారి నంబరు మిగిలిపోవడం తరచుగా జరుగుతుంది కాబట్టి ప్రతి నంబరుకూ ఒకసారి ఫోన్ చేసి చూడటం మంచిది. ‘బాగుంది’ అన్న మాటను అంగీకారంగా తీసుకోకూడదు, ‘అచ్చుకు పంపండి’ అని రాతలో రావాలి.

అచ్చు ఫైలు సీఎంవైకే (అచ్చుకు వాడే సయాన్, మజెంటా, పసుపు, నలుపు) రంగుల్లో, బొమ్మలు అసలు కొలతలో 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలు), నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడుతో (కోతలో పోవడానికి వదిలే అదనపు అంచు) ఉండాలి. ఉదాహరణకు ఏ4 కరపత్రానికి పేజీ 210×297 మిల్లీమీటర్లయితే బ్లీడుతో కలిపి 216×303 అవుతుంది. చిన్న అక్షరాలకు నలుపు ఒక్కటే నూరు శాతం వాడాలి, నాలుగు రంగులూ కలిపిన నలుపు వాడితే ఒక్కో రంగుకు వాడే అచ్చు ప్లేట్లు కాస్త జరిగినా అక్షరం మసకబారుతుంది. ఫ్లెక్సును దూరం నుంచి చూస్తారు కాబట్టి పూర్తి కొలతలో 72 నుంచి 100 డీపీఐ సరిపోతుంది. అక్షరాలను కర్వ్‌లుగా (ఫాంటు అవసరం లేని గీతలుగా) మార్చిన కాపీని ప్రెస్సుకు ఇచ్చి, మార్చని ఫైలును మీ దగ్గర విడిగా దాచుకోవాలి. వాట్సాప్‌లో పంపవలసి వస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగానే పంపాలి, లేకపోతే బొమ్మ నాణ్యత పడిపోతుంది.

బిల్లు

పని అప్పగించిన రోజే బిల్లు పంపాలి. సేవల ద్వారా ఏడాదికి వచ్చే ఆదాయం 20 లక్షల రూపాయలు దాటనంతవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. కంపెనీలు టీడీఎస్ (చెల్లింపులోంచే ముందుగా తీసే ఆదాయపు పన్ను) కోసుకుని చెల్లించినప్పుడు ఆ సొమ్ము మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్లో చూసుకోవాలి. సొమ్ము నెలల తరబడి ఆగిపోయే బాధ ఈ వృత్తిలో అందరికీ తెలిసినదే. చిన్న సంస్థల నమోదుకు ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్లో రుసుము లేకుండా సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకుంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, ఒప్పందంలో అంతకంటే ఎక్కువ గడువు ఉన్నా సరే కొనుగోలుదారు 45 రోజులకు మించి చెల్లింపు ఆపకూడదు. ఆపితే చక్రవడ్డీ అడిగే హక్కు ఉంటుంది. ఈ మాటను బిల్లు కింద ఒక వరుసలో రాస్తే చాలాసార్లు అంతటితోనే సొమ్ము వస్తుంది.

లోగో చేసినప్పుడు హక్కులు ఎవరికి చెందుతాయో కూడా రాతలోనే ఉండాలి. కాపీరైట్ బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే చట్టం దానిని అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమేగా భావిస్తుంది. ఇది ఖాతాదారుకు కూడా ముందే చెప్పడం న్యాయం. సొమ్ము పూర్తిగా అందాక అసలు ఫైలును, వాడిన ఫాంట్లను, చివరి ప్రూఫును, అంగీకార సందేశాన్ని పేరు, ఏడాది, నెల రాసిన ఒకే ఫోల్డరులో పెట్టి, దాని నకలు మరో హార్డ్ డిస్కులోకి ఎక్కించాలి. వచ్చే డిసెంబరులో అదే దుకాణం క్యాలెండరు కోసం ఫోన్ చేసినప్పుడు మొదట వెతికేది ఆ ఫోల్డరునే.