అపార్ట్‌మెంటు తగాదాలు: విజయవాడ ఫ్లాటు యజమానులు ముందుగా చూసుకోవలసినవి

పార్కింగు గురించో, మెయింటెనెన్సు బకాయి గురించో గొడవ మొదలైనప్పుడు చాలామంది నేరుగా అసోసియేషన్ మీటింగులో వాదనకు దిగుతారు. అంతకన్నా ముందు బీరువా తెరిచి రిజిస్టరు దస్తావేజు, మునిసిపల్ కార్పొరేషన్ ఆమోదించిన ప్లాను, అసోసియేషన్ బైలా (నియమావళి) బయటికి తీయడం మేలు.

దస్తావేజులో స్థలం మీద మీకు వచ్చిన అవిభాజ్య వాటా ఎన్ని గజాలో చూడండి. భవనం పాతబడి మళ్ళీ కట్టవలసి వచ్చిన నాడు బేరమంతా ఆ గజాల మీదే నడుస్తుంది. అన్ని ఫ్లాట్ల వాటాలూ కూడితే మొత్తం స్థలానికి సరిపోకపోతే, మిగిలినది ఎవరి పేరున ఉందో ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించి తెలుసుకోవాలి.

పటమట, మొగల్రాజపురం సందుల్లో ఎక్కువ తగాదాలు స్టిల్ట్ పార్కింగు (భవనం కింద స్తంభాల మధ్య బండ్లు నిలిపే చోటు) దగ్గరే పుడతాయి. స్టిల్ట్ పార్కింగును బిల్డరు విడి ఆస్తిగా అమ్ముకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2010లో, మహారాష్ట్ర చట్టం కింద వచ్చిన ఒక వివాదంలో తీర్పు చెప్పింది. 2016 నాటి రెరా చట్టం (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ చట్టం) టెర్రస్‌ను, ఆరుబయట పార్కింగును ఉమ్మడి ప్రాంతాలుగానే నిర్వచించింది. కాబట్టి టెర్రస్ తనదేనని బిల్డరు చెబితే ఆ మాటకు ఆధారమైన కాగితం అడగండి.

మెయింటెనెన్సు కట్టనివారి నీటి కనెక్షను తీసేయడం కమిటీలకు తోచే మొదటి ఉపాయం. అది చివరికి కమిటీనే చిక్కుల్లో పడేస్తుంది. అసోసియేషన్‌ను 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించి, లిఫ్టు వాడని గ్రౌండ్ ఫ్లోరు వారు ఎంత కట్టాలో సహా బైలాలో స్పష్టంగా రాసుకుని, బకాయికి రాతపూర్వక నోటీసు ఇచ్చి, అప్పటికీ కట్టకపోతే సివిల్ కోర్టుకు వెళ్ళడమే సరైన దారి.

గోడ బీటలు, స్లాబు లీకేజీ వంటి నిర్మాణ లోపాలు ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు బయటపడి, వాటిని బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని రెరా చట్టం చెబుతోంది. అయితే 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 598 గజాలకు మించని స్థలంలో కట్టినవాటికి, ఎనిమిది ఫ్లాట్లకు మించని వాటికి రెరా నమోదు తప్పనిసరి కాదు. మన ఊళ్ళో చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు ఈ కోవలోవే. అటువంటివారు వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు గాని, అక్కడ గడువు రెండేళ్లే. అందువల్ల తాళాలు అందుకున్న తేదీ ఉన్న కాగితాన్ని, లోపం గురించి బిల్డరుకు పంపిన రిజిస్టరు పోస్టు రసీదును దస్తావేజుతోపాటే భద్రపరచండి.