మొదటిసారి గాజు ఊదే తరగతికి వెళ్లేవారికి

తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో, గాజును సుమారు 1,100 డిగ్రీల వద్ద కరిగించి ఉంచే కొలిమి ముందు నిలబడే తరగతికి పేరు నమోదు చేసుకోకుండా, దాన్ని మార్గశిర, పుష్య మాసాలకు పెట్టుకోవడం మేలు. పాలిస్టర్ బట్ట నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది కనుక నూలు బట్టలు, పాదాలను పూర్తిగా కప్పే బూట్లు వేసుకోవాలి. జుట్టు బిగించి ముడి వేసుకోవాలి; కొండ మీద తలనీలాలు ఇచ్చి వచ్చినవారికి ఆ బెంగ లేదు.

ఊపిరి బలం చాలదేమోనని కొత్తవారు జంకుతారు గానీ, అక్కడ అసలు పని వేళ్లది. ఉక్కు ఊదుగొట్టం కొనను కరిగిన గాజులో ముంచి, తిప్పుతూ పైకి తీస్తే ఒక ముద్ద చుట్టుకుని వస్తుంది. అప్పటి నుంచి గొట్టాన్ని ఒకే వేగంతో తిప్పుతూనే ఉండాలి. ఆపితే, చిత్తూరు వైపు బెల్లం వండేచోట గరిటెకు అంటిన పాకంలా ముద్ద కిందికి సాగిపోతుంది. అలా సాగినప్పుడు కంగారు పడకుండా, ఆ వైపును పైకి తిప్పి ఒక్క క్షణం ఆపితే దాని బరువే దాన్ని నడిమికి తెస్తుంది.

తరువాత ముద్దను ఉక్కు బల్లపై దొర్లించి పైపొరను కాస్త గట్టిపరిచి, గొట్టంలోకి ఒక చిన్న ఊపు ఊది, వెంటనే బొటనవేలితో రంధ్రం మూయాలి. లోపల చిక్కిన గాలి వేడికి వ్యాకోచించి, మనం మళ్లీ ఊదకుండానే బుడగ పుడుతుంది. గొట్టం నుంచి గాలిని లోపలికి మాత్రం ఎన్నడూ పీల్చకూడదు. గాజు బిగుసుకున్నప్పుడల్లా మళ్లీ కాచుకోవాలి. ఎర్రదనం పోయిన గాజు చల్లారిందని నమ్మి ముట్టుకోకూడదు, ఎందుకంటే 400 డిగ్రీల గాజు కూడా చూపులకు చల్లని గాజులాగే ఉంటుంది.

ఏం చేస్తారని గురువు అడిగితే కూజా జోలికి పోకుండా మందపాటి లోటా చాలనండి. పట్టకారుతో సన్నం చేసిన మెడ మీద నీటిచుక్క వేసి గొట్టాన్ని మెల్లగా తడితే వస్తువు ఊడివస్తుంది. ఈ పని సాధారణంగా గురువే చేస్తారు. పైపొర ముందే చల్లారితే లోపల ఒత్తిడి మిగిలి తరువాతెప్పుడో పగులుతుంది కాబట్టి, దాన్ని సుమారు 500 డిగ్రీల బట్టీలో పెట్టి రాత్రంతా నెమ్మదిగా చల్లారుస్తారు. అందువల్ల అదే సాయంత్రం బస్సులో ఇంటికి తెచ్చుకోవడం కుదరదు. కొరియర్‌లో పంపుతారో లేదో రుసుము కట్టేముందే అడిగి తెలుసుకోవాలి.