బంచరాయి బాగుపడుతోందా, పాడవుతోందా: ఏటేటా కొలిచి చూసే పద్ధతి

రెండు మంచి వానలు పడితే ఏ బంచరాయి (ఊరుమ్మడి మేత భూమి) అయినా పచ్చబడుతుంది. ఆ పచ్చదనంలో గరిక, అంజన్ గడ్డి ఎంత, గొర్లు పెద్దగా ముట్టని తంగేడు, వెంపలి ఎంత అని చూస్తేనే మేత సంగతి తేలుతుంది. మహబూబ్‌నగర్, నల్లగొండ చెల్కల్లో వానే నిలకడగా ఉండదు. ఇప్పుడు వారాల తరబడి ఎండ కాసి ఒక్కపెట్టున కుండపోత పోయడం కూడా ఎక్కువైంది. ఒకటి రెండేళ్లు చూసి నేల పాడైందనో బాగైందనో చెప్పలేం. కనీసం పదేళ్లు ఒకే చోట, ఒకే తేదీల్లో, ఒకే తీరున కొలవాలి.

మూడు చోట్లు ఎంచుకోండి: నీళ్ల తొట్టి దగ్గర ఒకటి, గుట్ట వాలులో ఒకటి, మందలు తక్కువ వెళ్లే దూరాన ఒకటి. ప్రతిచోటా ఒక కడీ (రాతి స్తంభం) పాతి, దాని పక్కన నిలబడి ఏటా అదే దిక్కుకు, అదే ఎత్తు నుంచి ఫొటో తీయండి. సెప్టెంబరు చివరి వారంలో గడ్డి వెన్ను తీసి ఉంటుంది కాబట్టి రకాలు గుర్తుపట్టడం తేలిక. మే చివర్లో బోడి నేల ఎంతుందో కనిపిస్తుంది. ఈ రెండు తేదీలు తప్పకూడదు.

ఇక అసలు పని. సెప్టెంబరులో మందలు మేసే చోట కోసి తూస్తే వచ్చేది గొర్లు తినగా మిగిలిన గడ్డి, పెరిగిన గడ్డి కాదు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. అందుకని ప్రతి చోటా రెండు ఏర్పాట్లు కావాలి. మొదటిది ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున్న మడి: కడీలు నాటి జాలి కట్టి ఎప్పటికీ మూసి ఉంచాలి, కొలత అయ్యాక ఏటా లోపలి గడ్డంతా కోసి తీసేయాలి, లేకపోతే పాత ఎండుగడ్డి మరుసటి ఏటి లెక్కలో కలుస్తుంది. రెండోది తొలకరికి ముందు ఒకటిన్నర మీటర్ల చోట వేసే ముళ్లకంప. దాన్ని ఏటా ఇరవై అడుగులు జరపాలి, అప్పుడే నిరుటి దాకా మందలు మేసిన నేల ఈ ఏడు ఎంత గడ్డి పెంచిందో తెలుస్తుంది. జాలి కట్టే ముందు గొల్ల కురుమల పెద్దలతో, గ్రామ పంచాయతీతో మాట్లాడి తీర్మానం రాయించండి. లేకుంటే భూమి ఎవరికో పోతోందన్న అనుమానం పుడుతుంది, జాలి నిలవదు.

మడిలోనూ కంపలోనూ మీటరు చదరపు చట్రం వేసి, నేలకు రెండు వేళ్ల ఎత్తున కోసి, గుడ్డ సంచిలో ఎండబెట్టండి. వరుసగా రెండు రోజులు బరువు మారకపోతే ఎండినట్టు. పచ్చి బరువు రాయకండి, అందులో సగానికి పైగా నీళ్లే ఉండొచ్చు. గ్రాములను నాలుగుతో గుణిస్తే ఎకరాకు కిలోలు వస్తాయి. 100 గ్రాములంటే దాదాపు 400 కిలోలు.

యాభై మీటర్ల టేపు పరిచి, అర మీటరుకోసారి సన్న సలాక గుచ్చితే వంద పోట్లు. మొన కింద గడ్డా, కలుపా, రాయా, బోడి నేలా అని రాస్తే శాతం నేరుగా వచ్చేస్తుంది.

వాన కొలిచే గాజు ఊళ్లోనే పెట్టుకోండి, మండల కేంద్రం లెక్క మీ గుట్టకు సరిపోకపోవచ్చు. మొత్తం మిల్లీమీటర్లతో పాటు వానకూ వానకూ మధ్య పొడవైన ఎడమెన్ని రోజులో, 50 మి.మీ. దాటిన రోజులెన్నో రాయండి. మేత కిలోలను వాన మిల్లీమీటర్లతో భాగించండి: 500 మి.మీ.కి 400 కిలోలైతే 0.8. వాన దాదాపు అంతే పడిన ఏళ్లలో కంప లోపలి అంకె తగ్గుతూ, మడిలోది నిలబడితే మేపు ఎక్కువైంది. రెండూ తగ్గితే కారణం వాన పడే తీరులోనో, ఎండ తీవ్రతలోనో వెతకాలి. అతివాన పడ్డ ఏడు ఈ అంకె దానంతటదే తగ్గుతుంది, దాన్ని పక్కన పెట్టండి.

ఉపగ్రహ చిత్రాల్లో మే నెల పచ్చదనం చూసి మురిసిపోవద్దు. అందులో ఎక్కువ భాగం సర్కారు తుమ్మే అయి ఉండొచ్చు. దాని కాయలు తిన్న మేకల పెంట వెంటే విత్తనం పాకుతుంది. నేల మట్టానికి నరికితే మోడు నుంచి గుంపుగా చిగురిస్తుంది కనుక తొలకరి తడిలో చిన్న మొక్కలను వేళ్లతో సహా పీకేయాలి.

కంప లోపలి మేతలో సగం నేలకు వదిలేయాలి. 400 కిలోలున్న ఎకరాకు 200 కిలోలు మిగులుతాయి. 30 కిలోల గొర్రె రోజుకు సుమారు కిలో ఎండుమేత తింటుంది, అంటే ఒక గొర్రెకు 200 రోజులు. ఎన్ని గొర్లు ఊళ్లో ఉండాలో, ఎన్ని వలస పోవాలో అక్టోబరు మొదట్లోనే మందల వాళ్లతో కూర్చుని తేల్చుకోండి.