పాత కారు కింద మరక: ఏది కారుతోంది, ఎక్కడి నుంచి?

కారు తీశాక నేల మీద అరచేయంత మరక కనిపిస్తే ముందు అది ఏ ద్రవమో తేల్చాలి. రాత్రి బండి పెట్టేటప్పుడు ఇంజన్ కింద తెల్ల అట్ట పరిచి, ముందు చక్రాలు ఎక్కడికొచ్చాయో దాని మీద గీసి పెట్టండి. పొద్దున చుక్క రంగు, వాసన, జిడ్డు చూస్తే సగం పని అయిపోతుంది. రుచి మాత్రం చూడొద్దు, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) విషం. బండి కిందికి దూరాలంటే ఒక్క జాకీని నమ్ముకోవద్దు, స్టాండ్లు పెట్టండి.

వాసన లేని నీళ్లు, ఎడమవైపు
ఏసీ నీళ్లు, కంగారు లేదు. అవి బయట పడకుండా ఎడమ సీటు ముందు కార్పెట్‌ను తడిపితే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టు. కింది చివర నుంచి మెత్తని ట్యూబు దూర్చి మట్టి తీయండి. ఆ తడి జిగటగా, తియ్యటి వాసనతో ఉండి, ముందు అద్దానికి లోపల జిడ్డు పొర పడుతుంటే అది హీటర్ కోర్ (కారు లోపలికి వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్) నుంచి వచ్చే కూలెంట్.

పెట్రోల్ వాసన
స్టార్ట్ చేయొద్దు. బీటలు వారిన రబ్బరు పైపులు, క్లిప్పులు మార్చాకే తాళం తిప్పండి.

చక్రం లోపలి వైపు పల్చటి, పసుపు ఛాయ తడి
బ్రేక్ ఆయిల్. వెనక చక్రమైతే ఎక్కువగా వీల్ సిలిండర్ (బ్రేక్ షూలను తోసే చిన్న సిలిండర్) రబ్బర్లు పోయి ఉంటాయి. బండి నడపకండి. సిలిండర్లు రెండు వైపులా మార్చండి. ఆయిల్ పీల్చిన షూలు ఎంత తుడిచినా పనికిరావు, అవీ మార్చాల్సిందే. తర్వాత బ్రేక్ పైపుల్లో చేరిన గాలి తీయించండి.

కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క లేదు
చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి, ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద రాసిన ఒత్తిడికి (చాలా కార్లకు 0.9 బార్) పంపు కొట్టి 15 నిమిషాలు ఆగండి. ముల్లు దిగితే తెల్లటి, పచ్చటి ఎండిన చారల కోసం వెతకండి. వాటర్ పంపు కింది చిన్న రంధ్రం దగ్గర చార ఉంటే పంపు సీలు పోయినట్టే. చల్లగా ఉన్నప్పుడే కారి, వేడెక్కితే ఆగిపోయేది సాధారణంగా హోస్ క్లిప్పు దగ్గర. బయట ఎక్కడా తడి లేక, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్‌ను (ఇంజన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ప్యాకింగ్) అనుమానించండి.

ఇంజన్ ఆయిల్
ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పైన ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) దగ్గర కారిన ఆయిల్ ఇంజన్ వెనక గోడ మీదుగా జారి, గాలి తోపుకు ఇంకా వెనక్కి వెళ్లి, గేర్‌బాక్స్ అతుకు దగ్గర చుక్క కడుతుంది. కింద నుంచి చూస్తే క్రాంక్ (ఇంజన్ తిప్పే ప్రధాన ఇరుసు) వెనక సీలు పోయినట్టే ఉంటుంది. ఆ సీలుకు గేర్‌బాక్స్ దించాలి. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ అరగంట పని.

అందుకే ముందు కడగండి. బ్యాటరీ తీగ విప్పి, ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది), డిస్ట్రిబ్యూటర్లకు (ప్లగ్గులకు కరెంటు పంచేది) పాలిథిన్ కట్టి, డీగ్రీజర్, బ్రష్షుతో జిడ్డంతా వదిలించి పూర్తిగా ఆరనివ్వండి. అనుమానమున్న అతుకుల మీద టాల్కం పౌడర్ చల్లి 15 కిలోమీటర్లు తిప్పి రండి. తెల్లటి పొడి మీద ఆయిల్ సన్నటి నల్లగీతలా దిగి కనిపిస్తుంది. ఆ గీత పైకొస ఎక్కడుందో అక్కడే లోపం. ట్యాపెట్ కవర్ అంచు, డిస్ట్రిబ్యూటర్ ఓ-రింగ్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఫిల్టర్, ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్, ఈ వరుసలో పైనుంచి కిందికి చూడండి. ఈమధ్యే ఫిల్టర్ మార్చి ఉంటే, పాత ఫిల్టర్ రబ్బరు ఇంజన్‌కు అంటుకుని ఉండిపోయిందేమో చూడండి.

సీలు మార్చే ముందు పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఆవిర్లను బయటికి లాగే వాల్వ్) తప్పక చూడండి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా దాన్ని కవర్ నుంచి లాగి బొటనవేలు అడ్డం పెడితే వేలు లోపలికి లాగాలి. లాగకపోతే వాల్వో, దాని పైపో మూసుకుపోయింది. లోపలి ఒత్తిడి బయటికి దారిలేక సీళ్లనే తోస్తుంది. అది బాగుచేయకుండా కొత్త సీలు వేస్తే కొద్ది నెలల్లో మళ్లీ తడి.

ట్యాపెట్ కవర్ వేసేటప్పుడు పాత ప్యాకింగ్ ముక్కలు గీకి, రెండు అంచులూ పొడిగా తుడవండి. క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) చివరల మూలల్లో మాత్రమే చిన్న చుక్క సీలెంట్ చాలు. బోల్టులు మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతల్లో, మాన్యువల్ చెప్పిన బిగువుకే తిప్పండి. కారుతోందని ఇంకో చుట్టు బిగిస్తే కవర్ వంగి, కొత్త ప్యాకింగ్ కూడా కారుతుంది. పనయ్యాక మళ్లీ తుడిచి, 100 కిలోమీటర్లు నడిచాక రాత్రి అదే చోట కొత్త అట్ట పరవండి.