బీరువా పక్కన వైఫై

మా ఇంటి ఇంటర్నెట్ 200 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) ప్లాన్. పడగ్గదిలో స్పీడ్ టెస్ట్ పెడితే 8 దాటేది కాదు. ఆఫీసు మీటింగ్‌లో నా మొహం బిగుసుకుపోయేది, మాట ముక్కలుముక్కలుగా వెళ్లేది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "రూటర్ ఓసారి ఆపి ఆన్ చేయండి సార్" అన్నారు. అప్పటికే పదిసార్లు చేశాను.

చివరికి ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కలిపి చూశాను. 190 పైనే వచ్చింది! అంటే లైన్ బాగానే ఉంది, గొడవంతా వైఫైలోనే. మొదటి రోజే చేయాల్సిన పని, నాకు మూడు వారాలకు తట్టింది.

ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ వేస్తే, మా అపార్ట్‌మెంట్‌లో ఇరవైకి పైగా నెట్‌వర్కులు కనిపించాయి. దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే, అంటే వైఫై వాడే రేడియో బ్యాండ్లలో ఒకదాంట్లోనే. ఆ బ్యాండ్‌లో చానళ్లంటే రోడ్డు మీద లేన్ల లాంటివి; ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి 1, 6, 11 మూడే. మా రూటర్ 'ఆటో'లో ఉండి 4 మీద కూర్చుంది. అటు 1 వాళ్లతోనూ తగువే, ఇటు 6 వాళ్లతోనూ తగువే. దాన్ని 11కి మార్చి, పక్క చానళ్ల మీద పడకుండా చానల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ నుంచి 20కి తగ్గించాను. రూటర్‌లోని రెండో బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి ల్యాప్‌టాప్, టీవీ దానికి కలిపాను. పాత ప్రింటర్‌కు 2.4 తప్ప తెలియదు, దాన్ని అక్కడే వదిలేశా.

ఇంకోటి, రూటర్ ఇన్నాళ్లూ నేల మీద, ఇనుప బీరువాను ఆనుకుని ఉంది. ఇనుము సిగ్నల్‌ను దాటనివ్వదు. హాల్లో గోడకు ఎత్తుగా బిగించాను. పడగ్గదిలో ఇప్పుడు 110 వస్తోంది. వైరు బయటికి వేలాడుతోందని మా ఆవిడ సణుగుడు మాత్రం ఆగలేదు.