బిర్యానీ గిన్నెలకు ఏ వ్యాన్?

డాలస్‌లో క్యాటరింగ్‌కి వ్యాన్ కొనేవాళ్లకు నేను చెప్పేది ఇదీ: ముందు డ్రైవర్ డోర్ తెరిచి, పక్కనున్న స్టిక్కర్ చదవండి. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు వేయొచ్చో అందులోనే ఉంటుంది. సేల్స్‌మన్ మాట తర్వాత.

గిన్నెలు ఎత్తి దించడానికి రామ్ ప్రోమాస్టర్ హాయి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కాబట్టి ఫ్లోర్ కిందికి ఉంటుంది. లోపల నిలబడాలంటే ఫోర్డ్ ట్రాన్సిట్ హై రూఫ్ కూడా బాగుంటుంది, కానీ ఎత్తు 9 అడుగులు దాటుతుంది. హోటల్ పార్కింగ్ గరాజ్‌లోకి పోనివ్వరు. షెవీ ఎక్స్‌ప్రెస్‌లో నడుం వంచాల్సిందే.

పెళ్లివాళ్లను తిప్పడానికి 15 సీట్లదా? నిండా ఎక్కితే తిరగబడే ప్రమాదం ఎక్కువ. టైర్లలో గాలి ప్రతిసారీ చూడండి, సూట్‌కేసులు టాప్ మీద కట్టొద్దు. తక్కువమందే ఉంటే, బావగారు అలిగినా సరే, ముందు సీట్లే నింపండి.