మీరు ఆఫీసులో లేనప్పుడు ఏం జరుగుతోంది?

ఒంగోలు కర్నూలు రోడ్డులో ఒక గ్రానైట్ ఆఫీసుకి నేను మేనేజర్‌ని, నా కింద పన్నెండు మంది. చీమకుర్తి నుంచి కదిలే మా లారీలన్నిటికీ కాగితాలు ఇక్కడే తయారవుతాయి. మొదటి రెండేళ్లూ నాకంటే బాగా పని చేయించేవాడు లేడనుకున్నా, ఎందుకంటే నేను క్యాబిన్ తలుపు తీస్తే చాలు హాలంతా నిశ్శబ్దం. అది క్రమశిక్షణ కాదు, భయమని ఒక ఈ-వే బిల్లు (లారీలో సరుకు పంపడానికి ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ కాగితం) దగ్గర తెలిసొచ్చింది.

బిల్లింగ్ అమ్మాయి పార్టీ జీఎస్టీ నంబరు తప్పు కొట్టింది. సాయంత్రానికే తనే చూసుకుంది కూడా. బండి ఇంకా లోడు కాలేదు, బిల్లు తీసిన 24 గంటల్లోపు అయితే రద్దు చేసి కొత్తది తీసుకోవచ్చు, ఐదు నిమిషాల పని. కానీ ముందు రోజే నేను ఇంకో కుర్రాడిని అందరి ముందూ నిలబెట్టి కడిగేశాను కదా, ఆ పిల్ల నోరు మెదపలేదు. మూడో రోజు హోసూరు నుంచి పార్టీ ఫోన్ చేసి అడిగితేగానీ నాకు తెలియలేదు, ఇక వాళ్లని బతిమాలుకుని ఆ కాగితాలన్నీ సరిచేసుకునేసరికి వారం పట్టింది. తప్పు తనదే, ఆలస్యం మాత్రం నాది.

కాబట్టి కొత్తగా మేనేజర్ అయినవాళ్లు ముందు ఇది అలవాటు చేసుకోండి: ఎవరైనా వచ్చి "సార్, ఇట్లా పొరపాటైంది" అంటే మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట "సరే, ఇప్పుడేం చేద్దాం" అనే ఉండాలి. కోపం వస్తే రానీండి, నీళ్లు తాగండి. ఎందుకు జరిగింది, మళ్లీ జరక్కుండా ఏం చేయాలి అన్నది సాయంత్రం క్యాబిన్‌లో ఆ మనిషితో ఒక్కరితోనే మాట్లాడండి. మెచ్చుకోవడం మాత్రం హాల్లో, అందరూ వినేలా.

కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లు అమెరికాలో పదేళ్ల మగపిల్లల క్లబ్బుల మీద చేసిన పరిశీలన ఒకటి 1939లో అచ్చయింది. అన్నీ తనే ఆజ్ఞాపించే పెద్దమనిషి గదిలో ఉన్నంతసేపూ పిల్లలు బాగానే పని చేశారు, ఆయన బయటికెళ్లగానే పని పడిపోయింది. అందరితో మాట్లాడి నిర్ణయించే పెద్ద ఉన్న గుంపులో ఆయన లేకపోయినా అంత తేడా రాలేదు. పిల్లల సంగతి మనకెందుకు అంటారేమో, నేను టీకి బయటికెళ్తే మా హాల్లో జరిగిందీ అదే.

అట్లాగని పూర్తిగా వదిలేయమని కాదు. అసలేమీ పట్టించుకోని పెద్ద ఉన్న గుంపులో పని అన్నిటికంటే తక్కువ జరిగిందని కూడా అందులోనే ఉంది. "మీ ఇష్టం, చూసి చేయండి" అని వెళ్లిపోయి, తీరా చేశాక "ఇట్లా ఎందుకు చేశావ్?" అనే మేనేజర్ కంటే అరిచే మేనేజరే నయం, కనీసం ఏం కావాలో తెలుస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడికి పక్కన కూర్చుని ఒక్కో మెట్టూ చూపించాలి. పదేళ్లుగా లెక్కలు రాస్తున్న పెద్దాయన వెనక నిలబడి స్క్రీన్ చూస్తే మాత్రం ఆయనకి అవమానం. మనిషిని బట్టి మీరు మారాలి.

జీతం గురించి ఒక్క మాట. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ఇంజనీర్లు, అకౌంటెంట్లు సుమారు 200 మందితో మాట్లాడి ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో చెప్పిందేమిటంటే, జీతం, పని చోటు లాంటివి సరిగా లేకపోతే అసంతృప్తి వస్తుంది, సరిగా ఉన్నంత మాత్రాన తృప్తి రాదు, అది పని నుంచీ గుర్తింపు నుంచీ రావాలి అని. ముందు ఒకటో తేదీకి జీతం వేయించండి, మిగతా తియ్యటి కబుర్లు ఆ తర్వాత.

సెలవుల దగ్గర చాలా ఆఫీసులు చెడతాయి. మాకు జనవరి గండం: 11లోపు జీఎస్టీఆర్-1 (నెల అమ్మకాల లెక్క), 20లోపు 3బీ (పన్ను కట్టే రిటర్ను) వేయాలి, సరిగ్గా మధ్యలో సంక్రాంతి. మునుపు అడిగినవాళ్లందరికీ "చూద్దాంలే" అనేవాణ్ణి, టికెట్లు బుక్ చేసుకోవాలో వద్దో తెలియక వాళ్లకి టెన్షన్. ఇప్పుడు డిసెంబరు మొదటి వారంలోనే కాగితం గోడకి అంటించి, ఏ రోజు ఎంతమంది ఉండాలో మాత్రం నేను రాస్తాను, ఎవరు ఉంటారో వాళ్లే తేల్చుకుంటారు. "కాదు" అని ముందే చెప్తే సర్దుకుంటారు, చివరి రోజు దాకా నానబెడితే మనసులో పెట్టుకుంటారు.

మీ పద్ధతి ఎట్లా ఉందో తెలుసుకోవాలంటే ఒక శనివారం సెలవు పెట్టి, వచ్చిన ఫోన్లన్నీ రాసుకోండి. నేను కొత్తపట్నం బీచ్‌కి వెళ్లినప్పుడు పదకొండు వచ్చాయి, అందులో తొమ్మిది "ఇది చేయొచ్చా సార్" అనేవే. ఏసీ రిపేరుకి ఎనిమిది వందలు ఇవ్వొచ్చా అని కూడా అడిగారు, ఆ ఎండలో ఏసీ లేకుండా కూర్చుని. సోమవారం వెళ్లగానే రెండు వేల దాకా నన్ను అడగక్కర్లేదు, వోచర్ మీద ఇద్దరి సంతకాలుంటే చాలని చెప్పేశా.